అద్దాల గదా, చీకటి గదా? వెలుగుతో చేసిన కళను చూడబోయే ముందు

మా పిన్నిగారబ్బాయి వాళ్ళు న్యూజెర్సీ నుంచి పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్తూ దారిలో వాట్సాప్‌లో ఒక ప్రశ్న పంపాడు. "అన్నయ్యా, దర్శనం అయ్యాక మధ్యాహ్నం అంతా ఖాళీ. ఇక్కడ మాట్రెస్ ఫ్యాక్టరీ అని ఒక మ్యూజియం ఉందట. అందులో కుసామా అనే జపాన్ కళాకారిణి చేసిన అద్దాల గదులు ఉన్నాయి, టరెల్ అనే ఆయన గదులూ ఉన్నాయి. పిల్లలతో రెండు గంటలకు మించి కుదరదు. అద్దాల గది ఫొటోలు అదిరిపోయాయి. టరెల్‌ది చూస్తే నల్లటి చతురస్రం, అంతే. ఏది చూడమంటావ్?"

నల్లటి చతురస్రమే చూడమన్నాను. వాడు పడీపడీ నవ్వుతున్న బొమ్మ పంపాడు.

ఇదే ప్రశ్న ఊళ్ళ పేర్లు మారి తరచూ వస్తూనే ఉంటుంది. టోక్యో వెళ్తున్నాం, ప్రొజెక్టర్ల వెలుగుతో హాళ్ళు నింపే టీమ్‌ల్యాబ్‌కి వెళ్ళాలా? హ్యూస్టన్‌లో అమ్మానాన్నలకి ఏం చూపించాలి? మాల్‌లో పెద్ద పెయింటర్ బొమ్మల ప్రొజెక్షన్ షో పెట్టారు, టికెట్ డబ్బు దండగా? వీటన్నిటికీ "ఇమ్మర్సివ్ లైట్ ఆర్ట్" (వెలుగులో మనల్ని ముంచేసే కళ) అని ఒకటే పేరు తగిలిస్తున్నారు కానీ, లోపల జరిగేది ఒకటి కాదు. కొన్ని మీ కళ్ళకు విందు చేస్తాయి. కొన్ని మీ కళ్ళనే పరీక్షకు పెడతాయి. టికెట్ కొనేముందు ఆ తేడా తెలిస్తే చాలావరకు పని అయిపోయినట్టే.

## ముందు తేల్చుకోవాల్సినవి

ఎంతసేపు కూర్చోగలరు. అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే. రాత్రిపూట కరెంటు పోయిన క్షణం గుర్తు తెచ్చుకోండి. మొదట ఏమీ కనబడదు. కాసేపటికి తలుపు ఎక్కడుందో, మంచం ఎక్కడుందో లీలగా తెలుస్తుంది. కంటి వెనక తెరలో రెండు రకాల కణాలున్నాయి. రంగులు చూసే కోన్ కణాలు చీకటికి సర్దుకోవడానికి సుమారు 10 నిమిషాలు పడుతుంది. మసక వెలుతురులో పనిచేసే రాడ్ కణాలు పూర్తిగా మేలుకోవాలంటే 20 నుంచి 30 నిమిషాలు కావాలి. వయసు పెరిగేకొద్దీ ఇంకాస్త ఆలస్యం. కొన్ని కళాఖండాలు ఈ ఆలస్యం మీదే కట్టినవి. అక్కడ అయిదు నిమిషాల్లో లేచి వచ్చేస్తే ఏమీ చూడనట్టే.

"ఆహా" కావాలా, "ఇది నిజమేనా" కావాలా. మొదటిది లోపల అడుగు పెట్టగానే వస్తుంది. రెండోది మెల్లగా వస్తుంది, కానీ ఇంటికి వచ్చాక కూడా వదలదు.

వెంట ఎవరు వస్తున్నారు. ఆరేళ్ళ పిల్లాడిని చీకటి గదిలో పావుగంట కూర్చోబెట్టడం వాడికీ శిక్షే, పక్కవాళ్ళకీ శిక్షే.

ఒంటి సంగతి. మూర్ఛ ఉన్నవాళ్ళు, మైగ్రేన్ తరచూ వచ్చేవాళ్ళు మిణుకుమిణుకుమనే స్ట్రోబ్ లైట్లు ఉన్నాయేమో ముందే అడిగి తెలుసుకోవాలి. సెకనుకు 3 నుంచి 30 సార్లు కొట్టుకునే వెలుగు కొందరిలో ఫిట్స్ తెప్పించగలదు. ఇది మొహమాటపడే విషయం కాదు, కౌంటర్ దగ్గరే అడగండి. కళ్ళు తిరిగే జబ్బు, మోకాళ్ళ నొప్పులు, ఇరుకు గదులంటే భయం ఉన్నా అంతే.

ఇక ఫొటో. ఇక్కడ నా అభిప్రాయం కుండబద్దలు కొట్టినట్టు చెప్తాను. ఫొటోలో బాగా వచ్చేది మీ కంటి మీద తక్కువ పనిచేస్తుంది, కంటి మీద గట్టిగా పనిచేసేది ఫొటోలోకి రాదు. కారణం సులువే. కెమెరా గదిలో ఉన్న వెలుగును పట్టుకుంటుంది. ఈ కళలో మంచివి పట్టించుకునేది గదిలోని వెలుగును కాదు, ఆ వెలుగుకు మీ కన్ను పావుగంటలో ఎలా మారిందో దాన్ని. ఆ మార్పు ఫోన్‌కి జరగదు. కాబట్టి ఇన్‌స్టాలో చూసి ఎంచుకుంటే ఎప్పుడూ అద్దాల గదే గెలుస్తుంది.

## ఒక చూపులో

| రకం | ఎక్కడ చూడొచ్చు | కనీసం ఎంతసేపు | కంటికి జరిగేది | పిల్లలతో | ఫొటో |
|---|---|---|---|---|---|
| చీకటి గది | పిట్స్‌బర్గ్, జపాన్‌లో నవోషిమా | 15–25 నిమిషాలు | లేదనుకున్న వెలుగు పుడుతుంది | కష్టం | రాదు |
| అంచులేని రంగు (గాంజ్‌ఫెల్డ్) | అమెరికాలో మాస్ మోకా, ఆస్ట్రేలియాలో హోబార్ట్, నవోషిమా, కొరియాలో మ్యూజియం సాన్ | 10 నిమిషాలు | దూరం, లోతు తెలియవు | వయసు నిబంధన చూసుకోండి | పరవాలేదు, కానీ అబద్ధం చెప్తుంది |
| ఆకాశపు గది (స్కైస్పేస్) | హ్యూస్టన్, ఇంకా చాలా చోట్ల | 40 నిమిషాలు | ఆకాశం రంగు మారుతుంది | బాగుంటుంది | సగం సగం |
| ఒకే రంగు గదులు | హ్యూస్టన్, తిరిగే ప్రదర్శనల్లో | 5–10 నిమిషాలు | మిగతా రంగులు చచ్చిపోతాయి | చాలా బాగుంటుంది | సరదాగా వస్తుంది |
| అద్దాల గది | లాస్ ఏంజెలెస్, పిట్స్‌బర్గ్ | వాళ్ళు ఇచ్చినంత | గది హద్దులు పోతాయి | బాగుంటుంది | అదిరిపోతుంది |
| ప్రొజెక్షన్ లోకం | టోక్యో, సింగపూర్, అబుధాబి | 2 గంటలు | నేల కదిలినట్టు ఉంటుంది | వీళ్ళకోసమే అన్నట్టు | అదిరిపోతుంది |

## చీకటి గది: ఓపిక ఉన్నవాళ్ళకి

మాట్రెస్ ఫ్యాక్టరీ పేరులో ఉన్నది నిజంగా పరుపులే. సాంప్సోనియా వేలో ఉన్న పాత పరుపుల గోడౌన్‌ను 1977 తర్వాత కళకు అప్పజెప్పారు. అక్కడ వెలుగుతోనే పనిచేసే అమెరికన్ కళాకారుడు జేమ్స్ టరెల్ 1983లో చేసిన గది పేరు 'ప్లెయడీస్'. అంటే మన కృత్తికలు, పల్లెల్లో పిల్లలకోడి అంటారే, ఆ చుక్కల గుంపు.

చీకట్లో కమ్మీ పట్టుకుని ఏటవాలు దారి ఎక్కి వెళ్ళి కుర్చీలో కూర్చోవాలి. ఎదురుగా ఏమీ ఉండదు. కళ్ళు మూసుకున్నా తెరిచినా ఒకటే నలుపు. అయిదు నిమిషాలకు చిరాకు వస్తుంది. పదింటికి ఎవరో ఒకరు లేచి వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఎక్కడో ఎదురుగా ఏదో ఉన్నట్టు అనిపిస్తుంది. బూడిద రంగా, ఊదానా చెప్పలేం. దాన్నే సూటిగా చూస్తే మాయమైపోతుంది. కాస్త పక్కకు చూస్తే మళ్ళీ వస్తుంది.

ఈ పక్కచూపు కిటుకు పెళ్ళిలో అరుంధతిని వెతికినవాళ్ళకు తెలిసే ఉంటుంది. ఊళ్ళో లైట్ల మధ్య మసకేసిన ఆకాశంలో ఆ చిన్న చుక్కను తేరిపార చూస్తే జారిపోతుంది, దాని పక్కన చూస్తే దొరుకుతుంది. చూపు నేరుగా పడే చోట, కంటి నడిమధ్యలో రాడ్ కణాలు లేవు. అవి దాని చుట్టూ ఉన్నాయి. అందుకే కృత్తికల్లో ఎన్ని చుక్కలున్నాయో లెక్కపెట్టేవాళ్ళు కూడా ఓరగా చూస్తారు. టరెల్ ఆ పేరు ఊరికే పెట్టలేదనిపిస్తుంది నాకు.

ఇంకో సంగతి. పూర్తి చీకట్లో కూడా కన్ను ఖాళీగా ఉండదు. కంటి కణాలు తమంతట తాముగా సన్నగా గుసగుసలాడుతూనే ఉంటాయి, మెదడు దాన్ని వెలుగుగా చదువుకుంటుంది. కాబట్టి మీరు చూస్తున్న ఆ మసక మచ్చ గోడ మీద ఉందా, మీ కళ్ళలో ఉందా అన్నది తేలదు. ఆ తేలకపోవడమే ఇక్కడ కళాఖండం.

మా తమ్ముడు వాళ్ళమ్మాయికి పదకొండేళ్ళు. వాడు ఆ పిల్లతో లోపల కూర్చున్నాడు, మరదలు చిన్నాడిని తీసుకుని అద్దాల గదుల వైపు వెళ్ళింది. ఇరవై నిమిషాల దగ్గర ఆ పిల్ల వాడి చెవిలో అడిగిందట: "నాన్నా, లైటు ఇప్పుడు వేశారా?" లైటు మొదటినుంచీ వెలుగుతూనే ఉంది. ఒక్క పిసరు పెరగలేదు, తగ్గలేదు. ఆ మాట చెప్తే నమ్మక, బయటికి వచ్చి అక్కడి ఉద్యోగిని అడిగి మరీ తెలుసుకుందట.

జపాన్ వెళ్ళేవాళ్ళకు ఇలాంటిదే నవోషిమా దీవిలో ఉంది. మినామిదెరా అనే చెక్క భవనంలో 1999లో చేసిన 'బ్యాక్‌సైడ్ ఆఫ్ ద మూన్'. భవనం జపాన్ వాస్తుశిల్పి తదావో ఆండో కట్టింది. కొద్దిమందినే గుంపులుగా పంపిస్తారు కాబట్టి టైమ్ ముందే తీసుకోవాలి.

ఎవరికి వద్దంటానంటే, చీకటి భయం ఉన్నవాళ్ళకి, చిన్నపిల్లల తల్లిదండ్రులకి, ఫోన్ తీయకుండా ఉండలేనివాళ్ళకి. ఒక్క నోటిఫికేషన్ వెలుగు చాలు, గదిలో ఉన్న అందరి కళ్ళూ మొదటికి వస్తాయి. వెలిగే స్మార్ట్‌వాచ్ కూడా తీసి జేబులో వేయండి.

## అంచులేని రంగు: ధైర్యం ఉన్నవాళ్ళకి

చలికాలం తెల్లవారుజామున లంబసింగి ఘాట్‌లో కారు నడిపారా? ముందు పదడుగుల రోడ్డు తప్ప ఏదీ కనబడదు. పొగమంచు మీద పడ్డ హెడ్‌లైట్ వెలుగు ఎదురుగా తెల్లటి గోడలా నిలబడుతుంది. ఎంత దూరం అన్న మాటకు అర్థం పోతుంది. గాంజ్‌ఫెల్డ్ గది అంటే అదే, మంచు లేకుండా. జర్మన్‌లో ఆ మాటకు 'మొత్తం క్షేత్రం' అని అర్థం. చూపు మేరంతా ఒకే రంగు, ఒకే వెలుగు పరుచుకుంటే కన్ను ఏం చేస్తుందో 1930లలోనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ మెట్స్‌గర్ పరిశీలించాడు. కంటికి తేడా కావాలి. అంచు, నీడ, మరక ఏదో ఒకటి. అవేవీ లేకపోతే కాసేపటికి రంగు దానంతట అదే వెలిసిపోయి బూడిదరంగు అవుతుంది. కొందరికి గీతలు, ఆకారాలు కూడా కనబడతాయి.

టరెల్ పుట్టింది 1943లో లాస్ ఏంజెలెస్‌లో. కాలేజీలో చదివింది చూపు, గ్రహణశక్తికి సంబంధించిన మనస్తత్వ శాస్త్రం. పైగా పైలట్. మేఘాల్లో దారి తెలియని తెల్లదనం ఆయనకు విమానంలో పరిచయమే. ఆయన గాంజ్‌ఫెల్డ్ గదుల్లో గోడలకూ నేలకూ మూలలు ఉండవు, అన్నీ వంపు తిరిగి కలిసిపోతాయి. మసాచుసెట్స్‌లోని నార్త్ ఆడమ్స్‌లో మాస్ మోకా మ్యూజియంలో ఉన్న 'పర్ఫెక్ట్‌లీ క్లియర్' (1991) ఈ రకమే. అక్కడ ఒక చిన్న గుంపునే లోపలికి పంపుతారు. లోపల నిలబడి ఉంటే గులాబీ, నీలం, నారింజ మెల్లమెల్లగా మారుతుంటాయి. మీ చెయ్యి చాచితే అది గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది, నీడ కూడా పడదు. తలతిప్పి మీరు వచ్చిన గుమ్మం వైపు చూడండి. గులాబీ వెలుగులో రెండు మూడు నిమిషాలు నిలబడ్డాక బయటి తెల్లటి గోడ ఆకుపచ్చగా కనబడుతుంది. అక్కడ ఆకుపచ్చ లైటు లేదు. మీ కన్ను గులాబీకి అలసిపోయి దాని ఎదురు రంగును తనే కలిపేస్తుంది.

ఇందులో సరదా ఉంది, ప్రమాదమూ ఉంది. 1980లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో టరెల్ ప్రదర్శన పెట్టినప్పుడు, లేని గోడను ఉందనుకుని ఆనుకోబోయి కిందపడ్డవాళ్ళు కోర్టుకు వెళ్ళారు. ఇప్పుడు అన్నిచోట్లా కాపలా ఉంటుంది, గట్టు దగ్గరికి పోవద్దని చెప్తారు. చెప్పినట్టు వినండి. నేను ఒకసారి ఇలాంటి గదిలో గోడ ఇంకా పది అడుగులుందనుకుని చెయ్యి చాచాను, మోచెయ్యి వంగి ఉండగానే వేళ్ళు తగిలాయి. తర్వాత ఒక నిమిషం పాటు నా మీద నాకే నమ్మకం పోయింది.

అంత దూరం పోలేనివాళ్ళకు ఇంట్లోనే చవక నమూనా ఉంది. ప్రయోగశాలల్లో కూడా వాడినదే. ఒక టేబుల్ టెన్నిస్ బంతిని రెండు చిప్పలుగా కోసి, అంచులు గుచ్చుకోకుండా దూది పెట్టి, కళ్ళ మీద బోర్లించుకోండి. ఎదురుగా ఎర్ర బల్బు. చెవుల్లో ట్యూన్ కాని రేడియో బుస లాంటి శబ్దం. పది నిమిషాలు పడుకోండి. ఎరుపు కాస్తా ఎక్కడికి పోయిందో మీరే చూస్తారు. ఇది నచ్చితే మాస్ మోకాకు వెళ్ళండి. బోస్టన్ నుంచి కారులో సుమారు మూడు గంటలు. విసుగనిపిస్తే పెట్రోలు డబ్బులు మిగిలాయనుకోండి.

మాస్ మోకా కుదరకపోతే ఆస్ట్రేలియాలో హోబార్ట్ మోనా మ్యూజియంలో, కొరియాలో మ్యూజియం సాన్‌లో, నవోషిమా చిచూ మ్యూజియంలో ఇదే తరహావి ఉన్నాయి. చిచూలోని 'ఓపెన్ ఫీల్డ్' చూడటానికి నీలం బోర్డులా ఉంటుంది. మెట్లెక్కి ఆ బోర్డులోకే నడిచి వెళ్ళమంటారు.

## ఆకాశపు గది: పెద్దవాళ్ళతో వెళ్తే ఇదే

హ్యూస్టన్‌లో ఉన్న తెలుగువాళ్ళకు ఇది చెప్పి తీరాలి. అమ్మానాన్నలు వస్తే నాసా, గుడి, మాల్, అయిపోయిందంటారు. రైస్ యూనివర్సిటీ ప్రాంగణంలో 2012లో తెరిచిన 'ట్వైలైట్ ఎపిఫనీ' ఉంది. పచ్చగడ్డి దిబ్బ మీద 72 అడుగుల చదరపు తెల్లటి పల్చని పైకప్పు, దాని మధ్యలో 14 అడుగుల చదరపు రంధ్రం. 120 మంది దాకా కూర్చోవచ్చు. టికెట్ లేదు. సూర్యాస్తమయం వేళ దాదాపు 40 నిమిషాలు కప్పు మీద ఎల్‌ఈడీ రంగులు మారుతుంటాయి. వెళ్ళేముందు ఆ రోజు తెరిచి ఉందో లేదో వెబ్‌సైట్‌లో చూసుకోండి.

రంధ్రంలోంచి కనబడేది మామూలు ఆకాశమే. కానీ చుట్టూ కప్పు నారింజ రంగైతే ఆకాశం ముదురు నీలం అవుతుంది. కప్పు నీలమైతే అదే ఆకాశం వెలవెలబోతుంది. ఏ రంగైనా పక్క రంగును బట్టే కనబడుతుంది. పసుపు చీరకు ఎర్ర అంచు వేస్తే ఒకలా, ఆకుపచ్చ అంచు వేస్తే ఇంకోలా కనబడటం లేదూ, అదే ఇక్కడ ఆకాశానికి చేశారు. పైగా రంధ్రం అంచు కత్తిలా పల్చగా చెక్కారు కాబట్టి ఆకాశం దూరంగా ఉన్నట్టు అనిపించదు. కప్పుకు అతికించిన గుడ్డలా ఉంటుంది.

మా అమ్మను తీసుకెళ్ళాను. అప్పటికి ఆమెకు ఒక కంటికే శుక్లాల ఆపరేషన్ అయింది. అసురసంధ్య వేళ కుర్చీలో వెనక్కి వాలి, కాసేపు చూసి, ఒక కన్ను మూసింది. మళ్ళీ ఆ కన్ను తెరిచి ఇంకోటి మూసింది. పిల్లలాట ఆడుతోందేమో అనుకున్నాను. "ఒరే, ఈ కంటికి నీలం, ఆ కంటికి టీ డికాషన్ కలిపిన నీలం" అంది. నిజమే. వయసుతో కంటి కటకం పసుపెక్కుతుంది, నీలాన్ని మింగేస్తుంది. ఆపరేషన్‌లో ఆ కటకం తీసి కొత్తది పెడితే నీలం తిరిగి వస్తుంది. ఇన్నేళ్ళు రోజూ చూసిన ఆకాశమే రెండు రకాలుగా ఉందని ఆమెకు తెలిసింది ఆ సాయంత్రమే. పక్కన ఆర్ట్ స్టూడెంట్లు నోట్‌బుక్‌లలో ఏవేవో రాసుకుంటున్నారు. వాళ్ళందరికంటే అమ్మే ఎక్కువ చూసింది.

ఇబ్బందులూ చెప్పాలి. వేసవిలో దోమలు, ఉక్క. మబ్బు పట్టినా పరవాలేదు, కానీ వర్షమైతే ప్లాన్ మార్చుకోండి. పిల్లలు మొదటి పదిహేను నిమిషాల తర్వాత గడ్డి దిబ్బ మీదికి పరుగెత్తుతారు. పరుగెత్తనివ్వండి, ఆరుబయటే కదా.

## ఒకే రంగు గదులు: పిల్లలకీ, అనుమానపు మనుషులకీ

ఎల్‌ఈడీలు రాకముందు మన రోడ్ల మీద పసుపుపచ్చ సోడియం దీపాలుండేవి. వాటి కింద ఎర్ర మారుతీ కారు గోధుమ రంగులో కనబడేది. అవైనా కొద్దిగా ఇతర రంగులు ఇచ్చేవి. డానిష్-ఐస్‌లాండిక్ కళాకారుడు ఓలాఫర్ ఎలియాసన్ 1997లో చేసిన 'రూమ్ ఫర్ వన్ కలర్'లో అదీ ఉండదు. వెలుగులో ఉన్నది ఒకే ఒక్క పసుపు, దాదాపు 589 నానోమీటర్ల తరంగం. కుంకుమ బొట్టు నల్లగా, పట్టుచీర బూడిదగా, పక్కవాళ్ళ ముఖాలు పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాలా. రంగు పోయేసరికి ముడతలు, గీతలు, వెంట్రుకలు విపరీతంగా స్పష్టంగా కనబడతాయి. ఎలియాసన్ ఇదే దీపాలను 2003లో లండన్ టేట్ మోడర్న్ మ్యూజియం హాలంతా వాడి, అరచక్రానికి పైన అద్దం పెట్టి పూర్తి సూర్యుణ్ణి నిలబెడితే, 20 లక్షలమందికి పైగా వచ్చారు. నేల మీద పడుకుని పైన అద్దంలో తమను తాము చూసుకున్నారు.

వెనిజులా కళాకారుడు కార్లోస్ క్రూజ్-డియెజ్‌ది ఇంకో దారి. 1965 నుంచి ఆయన చేసిన 'క్రోమోసాచురేషన్' గదులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఒక గదిలో కాసేపుంటే ఆ రంగు పలచబడుతుంది, పక్క గదిలోకి తొంగి చూస్తే అది మంటలా కొడుతుంది. హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో కిండర్ భవనానికి వెళ్ళే భూగర్భ దారుల్లో ఆయన రంగుల దారి ఉంది. అదే మ్యూజియంలో రెండు భవనాలను కలిపే సొరంగంలో టరెల్ 1999లో చేసిన 'ద లైట్ ఇన్‌సైడ్' కూడా ఉంది. ఒక్క మధ్యాహ్నానికి రెండూ అయిపోతాయి. సాయంత్రం రైస్‌కు వెళ్ళొచ్చు, అయిదు నిమిషాల దూరం.

పిల్లలకి ఒక ఆట చెప్పండి. లోపలికి వెళ్ళేముందు నాలుగు రంగుల క్రేయాన్లు జేబులో వేసుకుని, లోపల ఏది ఏ రంగో చెప్పమనండి. పందెం మీరే గెలుస్తారు.

## అద్దాల గది: తొందరలో ఉన్నవాళ్ళకి

యాయోయి కుసామా మొదటి అద్దాల గది 1965లో న్యూయార్క్‌లో పెట్టింది. ఇప్పుడవి ప్రపంచమంతా ఉన్నాయి. లాస్ ఏంజెలెస్ బ్రాడ్ మ్యూజియంలో 2013 నాటి గది ఒకటి ఉంది. మ్యూజియం ప్రవేశం ఉచితం, గదికి మాత్రం విడిగా స్లాట్ తీసుకోవాలి, లోపల ఇచ్చేది 45 సెకన్లు.

నలభై అయిదు సెకన్లు! కన్ను చీకటికి సర్దుకోవడం మొదలైనా పెట్టదు. సగంమంది ఆ సమయంలో సెల్ఫీకి యాంగిల్ వెతుకుతూ ఉంటారు. నా సలహా: మొదటి 30 సెకన్లు ఫోన్ తీయకండి. దూరపు ప్రతిబింబాలు ఏ రంగులోకి మారుతున్నాయో చూడండి. మామూలు అద్దంలో గాజు ప్రతిసారీ కొంచెం వెలుగు తినేస్తుంది, ఆకుపచ్చను తక్కువగా తింటుంది. అందుకే దూరం పోయేకొద్దీ "అనంతం" పచ్చబడి, నల్లబడి, అయిపోతుంది. అనంతానికి హద్దు ఎక్కడుందో మీ కళ్ళే చెప్తాయి.

ఎదురెదురు అద్దాల మధ్య ఒకటి వెయ్యి కావడం మనకు కొత్తేమీ కాదు. తిరుమలలో అద్దాల మండపంలో డోలోత్సవం చూసినవాళ్ళకు స్వామి ఊయల నలువైపులా ఊగడం గుర్తుంటుంది. తేడా ఏమిటంటే, అక్కడ లెక్కకు మించి కనబడేది స్వామి, కుసామా గదిలో లెక్కకు మించి కనబడేది మీరు. కొందరికి అది ముచ్చట, కొందరికి ఇబ్బంది.

పిట్స్‌బర్గ్‌లోని రెండు కుసామా గదులూ 1996 నాటివి. ఒకదాంట్లో అతినీలలోహిత కాంతిలో మెరిసే చుక్కలు, ఇంకోదాంట్లో ఎర్ర చుక్కల బొమ్మలు. నాకు బ్రాడ్ కన్నా ఇవే ఇష్టం, ఎందుకంటే ఇక్కడ స్టాప్‌వాచ్ తొందర నాకు ఎదురవలేదు.

## ప్రొజెక్షన్ లోకం: కుటుంబమంతా, రెండు గంటలు

టీమ్‌ల్యాబ్ వాళ్ళ 'ప్లానెట్స్' టోక్యో టొయోసులో 2018 నుంచి నడుస్తోంది. 'బోర్డర్‌లెస్' 2024 ఫిబ్రవరిలో అజబుదాయి హిల్స్‌కు మారింది. సింగపూర్‌లో ఆర్ట్‌సైన్స్ మ్యూజియంలో వాళ్ళదే ఒకటి 2016 నుంచి ఉంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు 2025లో అబుధాబి సాదియాత్ దీవిలో 'ఫెనామెనా' తెరిచారు.

సికింద్రాబాద్ స్టేషన్‌లో మీ ట్రైన్ ఆగి ఉంది. పక్క ట్రైన్ కదిలింది. ఒక క్షణం మీదే కదిలిందనుకుంటారు. ఈ హాళ్ళలో జరిగేది అదే, గంటలకొద్దీ. చూపంతా పూలు కిందికి పడుతుంటే మీరు పైకి తేలుతున్నట్టుంటుంది. ప్లానెట్స్‌లో పడుకుని చూసే గుమ్మటం ఉంది, దాని పనే అది. వాంతి వచ్చేలా ఉంటే కాసేపు కళ్ళు మూసుకోండి, లేదంటే మీ పాదాలనే చూడండి, కదలనిది ఏదో ఒకటి కంటికి దొరకాలి.

ప్లానెట్స్‌లో చెప్పులు విప్పి మోకాలి దాకా నీళ్ళలో నడవాలి, కొన్నిచోట్ల నేలంతా అద్దాలు. చీర, లంగా వద్దు. మోకాలి పైకి మడిచే ప్యాంటు వేసుకోండి.

ఇది పిల్లలున్న ఇంటికి డబ్బుకు తగ్గ విలువే. కానీ మాల్స్‌కు వచ్చిపోయే "పెద్ద పెయింటర్ ప్రపంచంలోకి అడుగుపెట్టండి" తరహా షోలతో దీన్ని కలపకండి. హైదరాబాద్‌లో ఒకదానికి వెళ్ళాను. తెరలు కలిసే చోట గీత కనబడుతోంది, ఏసీ పనిచేయడం లేదు, అరగంట వీడియో మూడుసార్లు తిరిగింది. బొమ్మను గోడంత చేస్తే కంటికి కొత్తగా జరిగేదేమీ లేదు. వర్షాకాలంలో పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్ళాలంటే సరే.

## ఇంకా తేలకపోతే

అమ్మానాన్నలతో అయితే ఆకాశపు గది, రెండో మాట లేదు. పదేళ్ళలోపు పిల్లలుంటే టీమ్‌ల్యాబ్ గానీ ఒకే రంగు గదులు గానీ. ఒంటరిగా, ఒక రోజు చేతిలో ఉంటే గాంజ్‌ఫెల్డ్. స్నేహితులతో, ఫొటోలే ముఖ్యమైతే అద్దాలు, అందులో తప్పేమీ లేదు. ఎప్పుడూ ఏమీ నచ్చని మనిషి, "ఇందులో ఏముంది" అనే బావగారి లాంటి వాళ్ళు ఉంటారు చూడండి, వాళ్ళను చీకటి గదికి పంపండి. అక్కడ నిజంగానే ఏమీ ఉండదు, కానీ పావుగంటకు ఏదో ఉందని వాళ్ళే వాదిస్తారు.

ఇక మా తమ్ముడిలా పిట్స్‌బర్గ్ వెళ్ళేవాళ్ళు ఈ వరస పాటించండి. గుడి క్యాంటీన్‌లో పులిహోర తిని అరగంట డ్రైవ్. మ్యూజియంలో ముందు టరెల్ 'కాట్సో, రెడ్' చూడండి. మూలన వేలాడే ఎర్ర ఘనంలా ఉంటుంది, దగ్గరికి వెళ్తే గోడ మీద పడ్డ వెలుగు. తర్వాత 'డనాయ్'. గోడకు అతికించిన ఊదా కాగితంలా కనబడుతుంది, దగ్గరికి వెళ్తే అది గోడలో కోసిన కంత. ఈ రెండూ మసక గదులు కాబట్టి కళ్ళు సగం సిద్ధమవుతాయి. అప్పుడు 'ప్లెయడీస్'లో ఒకరు కూర్చోండి, ఇంకొకరు చిన్నవాళ్ళను కుసామా గదులకు తీసుకెళ్ళండి. ఇరవై అయిదు నిమిషాలకు మారండి. బయటికి వచ్చాక ఫోన్ వెంటనే తీయకండి, నడవాలో ఒక నిమిషం ఆగి ఎదురుగా గోడను చూడండి. లోపలికి వెళ్ళేటప్పుడు మసగ్గా ఉన్న ఆ నడవా ఇప్పుడు కళ్ళు చికిలించేంత వెలుగుగా ఉంటుంది.